యాభై మూడు రోజుల ముప్పై ఒకటో తారీకు

సభాభవనంలో మొత్తం నూట పద్నాలుగు గడియారాలున్నాయి. నూట పదమూడు బ్యాటరీతో నడిచేవి. ఆగితే బ్యాటరీ మార్చాలి, మార్చినా నడవకపోతే తీసేసి కొత్తది తగిలించాలి. మిగిలిన ఒక్కటి సభామందిరంలో సభాపతి కుర్చీ వెనక గోడకి, చేతికందనంత ఎత్తులో ఉంటుంది. చెక్కపెట్టె, అద్దం తలుపు, లోపల ఇత్తడి లోలకం. సోమవారం సోమవారం నిచ్చెన వేసుకొని దానికి కీ ఇవ్వాలి. ముఖం మీద రెండు కన్నాలుంటాయి, ఒకటి నడకకి, ఒకటి గంటలకి. ముప్పై నాలుగేళ్ళుగా ఆ కీ ఇస్తున్నది ఒకే మనిషి కాబట్టి భవనంలో అందరికీ ఆయన కీబాబాయి. అసలు పేరు జీతాల పట్టీలో ఉండిపోయింది.

కీబాబాయి పొట్టి మనిషి. గడియారాన్ని చూడ్డం కన్నా వినడం ఆయనకి అలవాటు. తల ఓ పక్కకి వాల్చి, కళ్ళు నేలకి దించి నిలబడితే ఏదో తప్పు చేసి నిలబడ్డట్టుండేది. మాట తక్కువ. పనిలో ఒకటే పట్టింపు: బాగున్నదాన్ని పాడైందని ఆయన చేత ఎవరూ అనిపించలేరు.

ఆ గడియారానికి ఇంత మర్యాద ఎందుకంటే, సభ రూల్సు పుస్తకంలో దాని మీద ఒక వాక్యం ఉంది. ఆర్థిక సంవత్సరం చివరి రోజున, అంటే ఆ నెల ముప్పై ఒకటిన, సభామందిరంలోని గడియారం సాయంత్రం ఆరు గంటలు కొట్టేలోగా వచ్చే ఏడాది బడ్జెట్ ఆమోదం పొందాలి. లేకపోతే సభ రద్దయి ఎన్నికలు వస్తాయి. ఆ వాక్యం రాసిన పెద్దలు, భయముంటే పని జరుగుతుందనుకున్నారు. గడియారాన్ని ఆపొచ్చన్న ఆలోచన వాళ్ళకి తట్టలేదు.

తట్టింది ఇరవై రెండేళ్ళ కిందట. ఓటింగ్ అయిపోయింది, లెక్కపెట్టడం మిగిలింది, గడియారం ఆరుకి ఐదు నిమిషాలు చూపిస్తోంది. అప్పటి సభాపతి ముసలాయన. కీబాబాయిని పిలిపించి, "బాబూ, ఓ పది నిమిషాలు దాన్ని ఆపగలవా? తప్పే. కానీ ఇంకో దారి కనబడట్లేదు" అన్నాడు. కీబాబాయి నిచ్చెనెక్కి అద్దం తలుపు తీసి లోలకానికి వేలు అడ్డం పెట్టాడు. ఆయన పైన ఉన్నంతసేపూ సభాపతే నిచ్చెన పట్టుకొని కింద నిలబడ్డాడు. సభ్యులందరూ తలలు దించుకొని బల్లల వైపు చూశారు. పన్నెండు నిమిషాలకి కీబాబాయి వేలు తీశాడు. "ఇంకెప్పుడూ నిన్నిలా అడగను" అన్నాడు సభాపతి. ఉన్నన్నాళ్ళూ మళ్ళీ అడగలేదు.

తర్వాతి సభాపతి రెండు గంటలు ఆపమన్నాడు. ఆ తర్వాతాయన మర్నాటి దాకా. ఒక ఏడాది మూడు రోజులు, ఇంకో ఏడాది తొమ్మిది. నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేరు, తలలు దించేవాళ్ళూ లేరు. ప్రభుత్వ గడియారం ఎందుకు ఆగిందని ఆడిట్ వాళ్ళు ఒకసారి అడిగారు. అప్పట్నుంచి భవనంలో ఫ్యాన్లకీ కొళాయిలకీ విరిగిన కుర్చీలకీ రాసే పసుప్పచ్చ మరమ్మతు చీటీనే దీనికీ రాయడం మొదలైంది. 'వస్తువు' అన్నచోట గోడ గడియారం. కింద రెండు పక్షాల నాయకుల సంతకాలు. 'లోపం' అన్న గడి మాత్రం కీబాబాయి ఏటా ఖాళీగా వదిలేసేవాడు. సభలో క్రమశిక్షణ చూసే ఉద్యోగి మార్షల్, తన చేత్తో 'పరిశీలనలో ఉంది' అని నింపుకునేవాడు.

కీబాబాయి అసహ్యం మాటల్లో కనబడేది కాదు. నిచ్చెన దిగాక వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కునేవాడు.

"అంత రుద్దుతున్నావేంటి బాబాయ్?" అంటే, "ఇత్తడి మరక" అనేవాడు.

ఈ ఏడాది సభ చెరి సగంగా చీలింది. కీబాబాయి లెక్కలో రెండు పక్షాలకీ వాళ్ళు పెట్టుకున్న పేర్లు లేవు. కిటికీల వైపు కూర్చునేవాళ్ళు, తలుపు వైపు కూర్చునేవాళ్ళు, అంతే. బడ్జెట్లో పెద్ద లోటుంది. పన్నులు పెంచి పూడ్చాలని కిటికీ వాళ్ళంటారు, ఖర్చులు తగ్గించి పూడ్చాలని తలుపు వాళ్ళంటారు. నాలుగేళ్ళ కిందట వీళ్ళు అటూ వాళ్ళు ఇటూ కూర్చునేవాళ్ళు. అప్పుడు కూడా కిటికీ వైపు నుంచి పన్నులే, తలుపు వైపు నుంచి ఖర్చులే. ఎన్నికలకి మనుషులు బెంచీలు మారారు గానీ ఉపన్యాసాలు బెంచీల్లోనే ఉండిపోయాయి. నిచ్చెన మీద నుంచి విన్నవాడు కాబట్టి ఆయనకి గుర్తు.

ముప్పై ఒకటిన, ఆరుకి ఐదు నిమిషాలప్పుడు గడియారం ఆపించారు. మొదటి వారం లోటు గురించి అరుచుకున్నారు. రెండో వారం ఒకాయన "దొంగ" అన్నాడు, ఇంకొకాయన "గజదొంగ" అన్నాడు. ముందు ఎవరు మాట వెనక్కి తీసుకోవాలన్నది తేలక, రెండిట్లో ఏది పెద్ద తిట్టో నిర్ణయించడానికి ఉపసంఘం వేశారు. కార్యక్రమాల పుస్తకంలో రోజూ ముప్పై ఒకటో తారీకే. హాజరు పుస్తకంలో మాత్రం రోజుకో తారీకు పడేది, దినభత్యం ఆ పుస్తకం చూసే ఇస్తారు మరి. భత్యాలకి బడ్జెట్‌తో పనిలేకుండా వేరే చట్టముంది. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పక్కపక్కనే తెరిచి ఉండేవి.

బయట మాత్రం రోజులు నడిచాయి. పాత సంవత్సరం డబ్బు అయిపోయింది. కొత్త సంవత్సరం డబ్బు విడుదల కావాలంటే కొత్త సంవత్సరం రావాలి. జీతాలు ఆగాయి. కీబాబాయి దగ్గర నాలుగు నెలలకి సరిపడా దాచుకున్నది ఉంది, ఆ బెంగ లేదు. ఆయన బెంగ వాళ్ళక్క.

అక్క ఆయన కన్నా ఆరేళ్ళు పెద్ద. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది, పెళ్ళి చేసుకోలేదు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట మాత్రం ఏమీ కాలేదు. "నోరు ఎక్స్‌ఛేంజి వాళ్ళది, చేతులూ కాళ్ళే నావి. పోయినవి నావే" అనేది. కీబాబాయి ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, యాభై నాలుగు మెట్లు. అక్కని కదపాలంటే ఇద్దరు కావాలి. ఆయన భార్యకి వెన్నుపూస ఆపరేషనైంది, నీళ్ళ బకెట్టు కూడా ఎత్తకూడదన్నారు. అందుకని అక్క ప్రభుత్వ సంరక్షణాలయంలో ఉంది. పద్నాలుగు మంచాల హాలు, ఆరుగురు ఆయాలు, వారానికి మూడుసార్లు వచ్చే ఫిజియో అమ్మాయి. గోడకి బిగించిన ఇనపకడ్డీ పట్టుకొని, నలభై లెక్కపెట్టేదాకా నిలబడ్డం ఈ మధ్యే వచ్చింది అక్కకి.

బయటి లెక్కన పన్నెండో తారీకున కీబాబాయి చూడ్డానికి వెళ్ళాడు.

"ఒరేయ్, ఇవాళెంత?" అంది అక్క.

"పన్నెండు."

"మీ సభలో?"

"ముప్పై ఒకటే."

"అయితే నాకింకా వయసు పెరగలేదన్నమాట. నా పుట్టినరోజు మూడో తారీకు కదా. మీవాళ్ళకి నా థాంక్స్ చెప్పు."

ఆయన నవ్వలేదు. "ఫిజియో అమ్మాయి వస్తోందా?"

"ఎందుకొస్తుంది? పాపం, బస్సుకి డబ్బులుండాలి కదా. ఆయాలు నలుగురు మానేశారు. ఉన్న ఇద్దరూ నడుములు పట్టుకొని తిరుగుతున్నారు."

రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే మంచం పట్టినవాళ్ళకి వీపు పుళ్ళు పడుతుంది. పద్నాలుగు మందిని ఇద్దరు తిప్పాలి. ఆయన దిండు సర్దడానికి వంగినప్పుడు దుప్పటి మీద అరచేయంత పసుపు మరక కనబడింది. వాసన కూడా వచ్చింది.

"ఏంటక్కా ఇది?"

"పప్పు ఒలికింది."

"వీపు కిందా?"

"నా నోరు ఎటుంటే నీకెందుకురా. వెళ్ళు, బస్సు తప్పిపోతుంది."

పై నెల మొదట్లో నోటీసు వచ్చింది. నడపడానికి నిధులు లేవు కాబట్టి పదిహేనో తారీకులోగా ఎవరి మనిషిని వాళ్ళు తీసుకెళ్ళాలని. వార్డెనమ్మ నోటీసు చేతికిస్తూ, "ఖజానా చుట్టూ పదిసార్లు తిరిగానండీ. ఇంకా కొత్త సంవత్సరం రాలేదమ్మా, వస్తే ఇస్తాం అంటున్నారు. వాళ్ళ గోడ మీద కొత్త క్యాలెండరే ఉంది" అంది.

ఇంట్లో భార్య నోటీసు రెండుసార్లు చదివింది. "వదిన్ని వద్దని నేనెలా అంటానండీ? తీసుకురండి. ఎత్తేదెవరో అది చెప్పండి ముందు."

ఆయన నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు భవనంలో మార్షల్‌ని అడిగాడు. మార్షల్ భారీ మనిషి, ఇరవై ఏళ్ళ స్నేహం. "ఆరు కొడితే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, సభ రద్దవుతుంది. కొత్త సభ వచ్చేదాకా పాత సంవత్సరం లెక్కన నెలనెలా డబ్బు విడుదల చేసే అధికారం ఖజానా కార్యదర్శికి పోతుంది. ఆయన అడక్కుండానే ఇచ్చేస్తాడు, ఆయనకి ఓట్లతో పనేంటి?" మార్షల్ ఆగి ఆయన ముఖంలోకి చూశాడు. "ఏం బాబాయ్, అక్కగారి సంగతా?"

"ఊఁ."

"ఐదు నిమిషాల పని" అన్నాడు మార్షల్. తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మరమ్మతు చీటీ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక నిబంధన అచ్చేసి ఉంటుంది. చీటీ రాసిన నలభై రోజుల్లో కొత్త చీటీ రాయకపోతే, నలభై ఒకటో రోజు కార్యాలయం తెరిచే వేళకి, అంటే పదింటికి, వస్తువును తిరిగి వాడుకలో పెట్టాలి. ఫ్యాన్లు బాగుచేసేవాడికి తెలుసు, కొళాయిల వాడికి తెలుసు. గడియారం ఎప్పుడూ నలభై రోజులు ఆగలేదు కాబట్టి నాయకులెవరూ ఆ చీటీని తిరగేసి చూడలేదు. మార్షల్‌కి తెలుసు కాబట్టి ముప్పై ఎనిమిదో రోజున కొత్త చీటీ పట్టుకొని సంతకాలకి బయల్దేరాడు.

చీటీ మీద సంతకాల గీతలు రెండు, ఒకదాని కింద ఒకటి. పోయినసారి పై గీత మీద కిటికీ నాయకుడు సంతకం పెట్టాడు. ఈసారి పైన తనదే ఉండాలని తలుపు నాయకుడు పట్టుబట్టాడు. "ఆయన కింద నా పేరేంటి? రేపు పేపర్లో అదే ఫొటో వేస్తారు" అన్నాడు. కిటికీ నాయకుడు, "పెట్టమను, నేను పెట్టిన తర్వాత" అన్నాడు. మార్షల్ రెండు రోజుల్లో వరండాకి ఆ చివరి నుంచి ఈ చివరికి తొమ్మిదిసార్లు నడిచాడు. గీతల్ని పక్కపక్కనే వేయించి కొత్త చీటీ అచ్చేయించాడు. కుడిపక్క ఎవరిదన్న ప్రశ్న వచ్చింది.

నలభయ్యో రోజు సాయంత్రం మార్షల్ గడియారాల గదిలోకొచ్చి కూలబడ్డాడు. సంతకాల్లేని చీటీ బల్ల మీద పడేశాడు.

"ఈ గీతలు కనిపెట్టినవాణ్ణి పట్టుకొచ్చి తన్నాలి బాబాయ్."

"గీతలేం చేశాయి?"

"అవున్లే. రేపు మళ్ళీ అడుగుతాను. ఈలోగా ఎవడు తిరగేసి చూస్తాడు?" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, అటు తిరిగే అన్నాడు: "నాకు మోకాలు నొప్పి. రేపు పదింటికి నేను తలుపు దగ్గరే ఉంటా."

ఆ రాత్రి కీబాబాయి బాగానే నిద్రపోయాడు. పొద్దున ఏడింటికే భవనానికి వచ్చాడు. సభామందిరం ఖాళీగా ఉంది. నిచ్చెన వేసి, గడియారం తలుపు తీసి, నలభై రోజులుగా చిక్కబడ్డ నూనె తుడిచి కొత్త చుక్కలు వేశాడు. రెండు కన్నాలకీ కీ ఇచ్చాడు. అప్పుడే లోలకాన్ని కదిపితే ఐదు నిమిషాల్లో, ఒక్క సభ్యుడు కూడా లేనప్పుడు, ఆరు కొట్టేసేది. ఆ తర్వాత ఎవరేం చేసినా జరిగిపోయినదే. ఆయన ఆ పని చేయలేదు. చీటీ గడువు పదింటికి తీరుతుంది. మూడు గంటల ముందు కదిపితే అది దొంగపని, అలాంటివి చేసేవాళ్ళు ఆ సభలో ఇప్పటికే నూట ఇరవై మంది ఉన్నారు. నిచ్చెన మీదే కూర్చొని అద్దం తుడుస్తూ పది కోసం చూశాడు. ఈ ఆగడం తప్పని తర్వాత భార్య చాలాసార్లు అంది. ఆయన కాదనలేదు.

పదింటికి సభ్యులు వచ్చారు. నిచ్చెన మీద కీబాబాయిని ఎప్పుడూ చూసేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చేతివాచీలో సరిగ్గా పది అయ్యాక ఆయన లోలకాన్ని చిటికెనవేలితో ఒక పక్కకి తీసి వదిలాడు. చెవి దగ్గరగా ఆనించి నాలుగు ఊపులు విన్నాడు. తలుపు మూసి, దిగి, నిచ్చెన భుజానికెత్తుకొని బయటికి నడిచాడు. తలుపు దగ్గర మార్షల్ గడియ వంక పరీక్షగా చూస్తున్నాడు.

నిచ్చెన గదిలో పెట్టి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల ఉపసంఘం నివేదిక చదువుతున్నారు. 'గజ' అన్న మాట తిట్టు బరువుని పెంచుతుందా, కేవలం వర్ణనా అన్న చోట ఉన్నారు. ఆరుకి రెండు నిమిషాలుండగా, ఎప్పుడూ నిద్రపోయే ఒక ముసలి సభ్యుడు కళ్ళు తెరిచి, "ఏంటా టిక్కుటిక్కు? పడుకోనివ్వరా?" అన్నాడు.

అందరూ తలెత్తి చూశారు.

"ఇది మీ కుట్ర!" అన్నారు కిటికీ వాళ్ళు.

"మాదా? ఎన్నికలంటే ఉబలాటం మీకే కదా!" అన్నారు తలుపు వాళ్ళు.

"సంతకం పెట్టనన్నదెవరు?"

"పైన పెడతానంటే వద్దన్నదెవరు?"

అలా ఒక నిమిషంన్నర పోయింది. అప్పుడు ఇద్దరు నాయకులూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. నలభై ఒక్క రోజుల్లో అదే మొదటిసారి. కిటికీ నాయకుడు పొడుగు మనిషి. పరుగున వెళ్ళి సభాపతి బల్ల మీద బూట్లతోనే ఎక్కాడు. తలుపు నాయకుడు ఆయన నడుం పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు అద్దం తలుపుకి అందేసరికి గంట మొదలైంది.

ఒకటి. ఆయన లోలకాన్ని ఒడిసిపట్టాడు. రెండు. గంటల యంత్రం వేరు, లోలకాన్ని పట్టుకుంటే అది ఆగదు. "ఆగట్లేదయ్యా!" అని అరిచాడు. మూడు. "సుత్తికీ గంట తీగకీ మధ్య ఏదైనా పెట్టండి!" అన్నాడు తలుపు నాయకుడు, చేతికందిన బడ్జెట్ పుస్తకంలోంచి గుప్పెడు కాగితాలు చింపి పైకి ఇస్తూ. నాలుగు. "ఇంకా లోపలికి తొయ్యండి, నేను పట్టుకున్నా, పడరు!" ఐదు.

ఆరో గంట కాగితాల మీద పడింది. పక్క గదిలో ఎవరో పుస్తకం మూసినట్టు, టప్పుమంది. గుమ్మం బయట తల వాల్చి నిలబడ్డ కీబాబాయికి స్పష్టంగా వినబడింది.

సభాపతి గొంతు సవరించుకున్నాడు.

"గంటలు ఎన్ని వినిపించాయి?"

"ఐదు!" నూట ఇరవై గొంతులు.

"భిన్నాభిప్రాయం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

లేరు.

"అయితే ఇప్పుడు సమయం ఐదు గంటలు. సభకి ఇంకో గంట వ్యవధి ఉన్నట్టు నమోదు చేయండి."

బల్లలు చరిచారు. రెండు వైపులా చరిచారు. లోలకాన్ని మళ్ళీ కదలనివ్వకుండా ముళ్ళని ఐదు మీదికి తిప్పింది తలుపు నాయకుడు. ఈసారి నడుం పట్టుకున్నది కిటికీ నాయకుడు. ఆ ఏడాది ఏకగ్రీవంగా నెగ్గిన మొదటి తీర్మానం అది. కీబాబాయి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కొళాయిలో నీళ్ళు రాలేదు. దానికి కూడా మరమ్మతు చీటీ వేలాడుతోంది.

మధ్యాహ్నం ఆయన్ని సభాపతి గదికి పిలిచారు. ఇద్దరు నాయకులూ ఒకే సోఫాలో కూర్చొని ఉన్నారు. పాత తారీకు వేసిన కొత్త చీటీ బల్ల మీద ఉంది. సంతకాలు రెండూ ఒకే గీత మీద, ఒకదానిలోకి ఒకటి దూరిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి.

"రా బాబాయ్, కూర్చో" అన్నాడు కిటికీ నాయకుడు. "ఒక్క గడి నింపాలి. లోపం అన్నచోట, యంత్రం దానంతటదే కదిలిందని రాయి. నీకే ఇబ్బందీ ఉండదు."

"అది దానంతటదే కదల్లేదండీ. గడువు తీరితే నేనే కదిపాను."

"అయ్యో, అది మాకు తెలుసు. రాయమన్నది అందుకే కదా" అన్నాడు తలుపు నాయకుడు. గొంతు తగ్గించాడు. "మీ అక్కగారి సంగతి మార్షల్ చెప్పాడు. మంచి ప్రైవేటు చోటు చూస్తాం. రోజంతా నర్సులుంటారు. ఖర్చు మాది."

"మాది అంటే?" అన్నాడు కిటికీ నాయకుడు.

"అంటే మనది. చెరి సగం."

"ముందు నెల మీరిస్తారా?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం."

కీబాబాయి పెన్ను తీసుకున్నాడు. దుప్పటి మీది పసుపు మరక కళ్ళ ముందుంది. రాద్దామనే అనుకున్నాడు. రాయబోయి, రేపటిదాకా టైమివ్వమని అడిగాడు. అటు నుంచి అటే సంరక్షణాలయానికి వెళ్ళి జరిగిందంతా అక్కకి చెప్పాడు. అప్పటికి హాల్లో తొమ్మిది మంచాలు ఖాళీ అయ్యాయి.

అక్క చాలాసేపు కప్పు వంక చూస్తూ విన్నది.

"అద్దం తలుపు పగలగొట్టారా?"

"లేదు."

"బూట్లతో బల్లెక్కాడూ?"

"ఊఁ."

"ఒరేయ్, నాకు నర్సులంటే ఇష్టమే. మెత్తటి పరుపన్నా ఇష్టమే. నీకోసం వద్దంటున్నాననుకోకు. వాళ్ళిద్దరూ కలిసి డబ్బు కడతారంటున్నావు. ముందు నెల ఎవరు కట్టాలో తేలేదాకా నేనెక్కడుండాలి, బస్టాండులోనా?"

ఆయన దుప్పటి అంచు సరిచేశాడు.

"నువ్వు రాసిచ్చిన కాగితం వాళ్ళ దగ్గరుంటుంది. వాళ్ళిచ్చిన మాట ఎవరి దగ్గరుంటుంది?" అంది అక్క. "నన్ను ఇంటికి తీసుకుపో. మీ ఆవిడ చేత తిట్టించుకుంటా. ఆవిడ తిడితే ఒకే తిట్టు, దానికి ఉపసంఘం అక్కర్లేదు."

మర్నాడు కీబాబాయి చీటీలో లోపం అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం వచ్చింది. దాని మీద తారీకు ముప్పై ఒకటి.

పదిహేనో తారీకున అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, నడుం చుట్టూ దుప్పటి కట్టి, కీబాబాయీ మార్షలూ ఎత్తుకొని మెట్లెక్కారు. రెండు అంతస్తుల మధ్య మార్షల్ మోకాలు పట్టేసింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. అక్క కుడిచేత్తో రెయిలింగు పట్టుకొని, "ఏమయ్యా మార్షలూ, సభలో మనుషుల్ని బయటికి మోసుకెళ్ళే ఉద్యోగం కదా నీది? ఎత్తడం కూడా రాదా?" అంది.

"అక్కడెవర్నీ మొయ్యనివ్వరమ్మా. వాకౌట్ అని వాళ్ళే నడిచి పోతారు" అన్నాడు మార్షల్ రొప్పుతూ.

కొత్త పని నేర్చుకోవడానికి కీబాబాయికి వారం పట్టింది. పుండు కడగడం, గాజుగుడ్డ మడత పెట్టడం, రెండు గంటలకోసారి తిప్పడం. అక్క బరువంతా తానే మొయ్యాలని ఆయన పట్టుబట్టేవాడు గానీ ఒక్కడి వల్ల అయ్యేది కాదు. రెండో రోజు నుంచే భార్య అవతలి పక్క నిలబడింది. తన మీద అరవొద్దని ఆయనకి ముందే చెప్పింది. పుండు పెద్దదైంది. గదిలో వాసన కిటికీలు తెరిచినా పోలేదు. కడ్డీ బిగిద్దామని గోడకి రంధ్రాలు చేశాడు గానీ అక్క కాలు అప్పటికే నిలబడ్డం మర్చిపోయింది.

యాభై మూడో రోజున బడ్జెట్ నెగ్గింది. ఆ సంగతి చెప్పడానికి సాయంత్రం మార్షల్ వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పన్నులు పెంచారా, ఖర్చులు తగ్గించారా?" అంది అక్క మంచం మీంచి.

"రెండూ కాదమ్మా. లోటు దానంతటదే పూడిందట. సంరక్షణాలయాలన్నీ ఖాళీగా ఉన్నాయి కదా, ఖాళీ భవనాలకి డబ్బెందుకని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ పద్దు కొట్టేస్తే సరిపోయింది." మార్షల్ నేల చూపులు చూశాడు. "ఈ ఆలోచన మాదంటే మాదని మళ్ళీ కొట్టుకుంటున్నారు."

కీబాబాయి గిన్నెలో గాజుగుడ్డ పిండుతున్నాడు.

"మా మంచాలేం చేస్తారట?" అంది అక్క.

"వేలం వేస్తారట."

"నాది ఎవడు కొంటాడో పాపం. దాని చక్రం ఒకటి కిర్రుమంటుంది, చెప్పి అమ్మమను."

ఎవరూ నవ్వలేదు. అక్కని తిప్పి రెండు గంటలైంది. కీబాబాయి అక్క భుజం కింద చేయి దూర్చాడు. భార్య ఒక చేత్తో తన నడుం నొక్కిపట్టుకొని, రెండో చేయి తుంటి కింద పెట్టింది. మార్షల్ చెప్పులు విప్పి లోపలికి వచ్చి కాళ్ళ దగ్గర పట్టుకున్నాడు.

"ఎవరు ముందు ఎత్తాలి?" అన్నాడు.

"నోరు మూసుకొని ఎత్తు" అంది కీబాబాయి భార్య.

ముగ్గురూ ఎత్తారు.